కాస్త నవ్వండి అంటే నవ్వొస్తుందా?

కెమెరా ముందు కుదురుగా ఉండటం ముఖానికి సంబంధించిన విద్య కాదు. ఆ ఫొటో ఎందుకు, ఎవరి షరతుల మీద అన్నదే అసలు సంగతి

ఈ దేశంలో ఎవరూ పాటించని ఆదేశాల జాబితా ఒకటి తయారుచేస్తే ‘ఇక్కడ ఉమ్మరాదు’ తర్వాతి స్థానం ‘కాస్త నవ్వండి’ అనే మాటకే దక్కుతుంది. ఫొటోగ్రాఫర్ నోట ఆ మాట వచ్చేదే ఆలస్యం, అప్పటిదాకా హాయిగా కబుర్లు చెబుతున్న మనిషి కొయ్యబారిపోతాడు. భుజాలు చెవుల దాకా లేస్తాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచదు. పుట్టినప్పటి నుంచీ తన వెంటే ఉన్న చేతులను అప్పుడే ఎవరో తెచ్చి అప్పగించి వెళ్లినట్టు ఉంటుంది. పెదవులైతే సాగుతాయి కానీ కళ్లు నవ్వవు. ఫ్రెంచి వైద్యుడు డ్యుషెన్ 1862లోనే ఈ తేడా రాసిపెట్టాడు. పెదవుల కొసలను పైకి లాగే కండరం మనం చెప్పినట్టు వింటుంది. కంటి చుట్టూ ఉండే కండరం మాత్రం లోపల నిజంగా సంతోషం ఉంటే తప్ప సాధారణంగా కదలదు. అంటే ఆదేశిస్తే వచ్చేది సగం నవ్వే.

దీన్ని మనం సిగ్గు అనుకుంటాం. ‘నాకు ఫొటో ముఖం లేదు’ అని తీర్పు చెప్పేసుకుంటాం. పన్నెండేళ్లుగా విలేఖరిగా ఫొటోగ్రాఫర్ల పక్కన నిలబడి చూస్తున్నదాన్ని కాబట్టి ఆ తీర్పు నాకు నచ్చదు. పక్కనే నిలబడితే చాలా సంగతులు తెలుస్తాయి. రాజకీయ నాయకులకు కెమెరా అంటే బెరుకుండదు. ఫ్లాష్ వెలగడానికి అరక్షణం ముందే చెయ్యి గాల్లోకి లేస్తుంది, గడ్డం కాస్త పైకెత్తుకుంటుంది. అది అందం కాదు, అలవాటు. ఏ పత్రికలో వస్తుందో, ఎంత మేలు చేస్తుందో వారికి ముందే తెలుసు.

అలవాటుకు ఇంకో ముఖం కూడా ఉంది. అనంతపురం జిల్లాలో రైతు ఆత్మహత్యల గురించి రాయడానికి వెళ్లినప్పుడు ఒక ఇంట్లో మేము అడగక ముందే ఆ ఇల్లాలు లోపలికి వెళ్లి భర్త పాస్‌పోర్టు సైజు ఫొటో తెచ్చి గుమ్మంలో కూర్చుంది. ఫొటోను ఛాతీ దగ్గర పట్టుకుని, ‘ఇట్ల పట్టుకుంటే చాలునా సార్, ఇంకొంచెం పైకెత్తల్లా?’ అని మా ఫొటోగ్రాఫర్‌ని అడిగింది. ఆమెలో తడబాటు లేదు, బిడియం లేదు. ఎంతమంది వచ్చి, ఎన్నిసార్లు అడిగితే ఆ భంగిమ అంతగా ఒంటబట్టి ఉంటుంది? మా ఫొటోగ్రాఫర్ కెమెరా సంచిలో పెట్టేసి కాసేపు ఆమె పిల్లల చదువుల గురించి మాట్లాడాడు. ఆ రోజు ఫొటో తీయలేదు. కెమెరా ముందు బెదరకపోవడం వేరు, నెమ్మదిగా ఉండటం వేరు అని నాకు ఆ గుమ్మం ముందే తెలిసింది.

ఇక నా వంతు రెండేళ్ల క్రితం వచ్చింది. నా వ్యాసాల పక్కన వేయడానికి కొత్త ఫొటో కావాలని ఢిల్లీలో ఒక స్టూడియోకు పంపారు. ఫొటోగ్రాఫర్‌కు యాభై దాటి ఉంటాయి. మొదటి ఇరవై నిమిషాలు ఆయన కెమెరా ముట్టుకోలేదు. టీ తెప్పించాడు. ఏ ఊరు, ఏం రాస్తారు, ఈ ఫొటో ఎంత సైజులో పడుతుంది అని అడిగాడు. ఆ తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు. కెమెరాకు ఎదురుగా బల్లలా నిలబడవద్దు, ఒంటిని కాస్త పక్కకు తిప్పి ముఖం మాత్రం ఇటు తిప్పండి. బరువు వెనక కాలి మీద వేయండి. గడ్డాన్ని కాస్త ముందుకు చాచి కొద్దిగా దించండి. మీకు వింతగా అనిపిస్తుంది గానీ ఫొటోలో మెడ చక్కగా కనిపిస్తుంది. ఊపిరి బిగబట్టవద్దు, వదిలేటప్పుడే నేను నొక్కుతాను. చేతులకు ఏదో ఒక పని ఇవ్వండి. అప్పటికి నా చేతుల్లో టీ గ్లాసు ఎలాగూ ఉంది.

కొన్ని సందేహాలు కూడా తీర్చాడు. ఫోన్‌తో చెయ్యి చాచి తీసుకున్న ఫొటోలో ముక్కు పెద్దగా కనబడటం ముక్కు తప్పు కాదు, దూరం తప్పు. కెమెరాకు దగ్గరగా ఉన్నది పెద్దదై, వెనక ఉన్న చెవులు చిన్నవైపోతాయి. అందుకే ఆయన 85 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టుకుని రెండు మీటర్ల అవతల నిలబడ్డాడు. మన ఫొటో మనకే నచ్చకపోవడానికీ కారణం ఉంది. మనకు అలవాటైంది అద్దంలోని ముఖం. అందులో కుడి ఎడమలు తారుమారై ఉంటాయి. 1977లో అమెరికాలో ముగ్గురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొందరు మహిళలకు వారి ఫొటోనే మామూలుగా ఒకటి, అద్దంలోలా తిప్పి ఒకటి ముద్రించి చూపిస్తే వారిలో ఎక్కువ మంది తిప్పిన దాన్నే ఇష్టపడ్డారు. వారి స్నేహితులకు మాత్రం మామూలు ఫొటోనే నచ్చింది. మన ముఖం మనకంటే మన వాళ్లకే ఎక్కువ పరిచయమన్నమాట.

ఇవన్నీ పనికొచ్చే మాటలే. అయినా నా భుజాలు దిగింది వీటివల్ల కాదు. పది ఫొటోలు తీసి ఆయన కెమెరా వెనక తెర నాకు చూపించాడు. ఒకదాన్ని చూసి ‘ఇది వద్దు’ అన్నాను. ‘సరే’ అని నా కళ్ల ముందే చెరిపేశాడు. ఆ ఒక్క ‘సరే’తో కుర్చీలో నా కూర్చునే తీరే మారిపోయింది.

రాజనీతి శాస్త్రంలో పీజీ చేసినదానికి పెరుగన్నంలో కూడా అధికార సంబంధాలే కనిపిస్తాయని స్నేహితులు ఎగతాళి చేస్తారు. కానీ ఈ విషయంలో చరిత్ర నా వైపే ఉంది. కెమెరా 1840 నాటికే మన దేశానికి చేరింది. 1857 తిరుగుబాటు తర్వాత, పాలించేవాళ్లకు పాలితుల ముఖాలు తెలియాల్సిన అవసరం పడింది. 1868 నుంచి 1875 మధ్య ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ పేరిట 8 సంపుటాలు వెలువడ్డాయి. కులానికి, తెగకు నమూనాగా మనుషులను నిలబెట్టి తీసిన ఫొటోలు, పక్కన వారి గుణగణాల గురించి దొరల వ్యాఖ్యానాలు. ఆ పేజీల్లో చాలామంది ముఖాల్లో కనిపించే బిగువు, మన ఆధార్ కార్డుల్లో కనిపించే బిగువూ ఒకే ఇంటివి అనిపిస్తుంది.

అదే శతాబ్దంలో, మన హైదరాబాద్‌లోనే ఇంకో దారి కూడా కనిపించింది. రూర్కీలో ఇంజనీరింగ్ చదివిన లాలా దీన్‌దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పేరు పొందాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు మగవాడి కెమెరా ముందుకు రారు కదా. వారి కోసం 1892లో ఆయన ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. అందులో ఫొటోలు తీయడానికి కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళను నియమించాడు. ఆయన వ్యాపారస్తుడే, సందేహం లేదు. కానీ ‘ఈ ఆడవాళ్లు ఫొటోకు పనికిరారు’ అనకుండా ‘వీళ్లు నెమ్మదిగా కూర్చోవాలంటే స్టూడియో ఎలా ఉండాలి’ అని ఆలోచించాడు. ప్రశ్న అటు తిరగడమే విశేషం.

ఆ ప్రశ్న ఎలా వేయాలో మన నాయకులకూ తెలుసు. 1946లో అమెరికా ఫొటోగ్రాఫర్ మార్గరెట్ బర్క్‌వైట్ చరఖా దగ్గర గాంధీని ఫొటో తీయడానికి వస్తే, ముందు నువ్వు రాట్నం తిప్పడం నేర్చుకో అన్నారు ఆయన పరివారం. నేర్చుకుంది. ఫ్లాష్ బల్బులు మూడే వాడాలన్నారు. ఒప్పుకుంది. ఫొటో ఆమె తీసింది, షరతులు మాత్రం ఆయనవి. అంబేద్కర్ సంగతి ఇంకా స్పష్టం. ఏ గుడ్డలు కట్టాలో, ఎలా నిలబడాలో పైకులాలు శాసించిన సమాజంలో పుట్టిన మనిషి, కోటు, టై, కళ్లద్దాలతో నిటారుగా నిలబడి కెమెరా వైపు చూశాడు. ఈ రోజు ఊరూరా ఉన్న విగ్రహాలకు ఆ రూపమే ఆధారం. ఆ కోటును విలాసం అనుకునేవాళ్లకు భంగిమ కూడా ఒక వాదన అవుతుందని తెలియదు.

మామూలు జనానికి అంత వెసులుబాటు ఎక్కడిది? మా ఊళ్లో కెమెరాతో పని పడేది పెళ్లికి, చావుకి, సర్కారుకి. 1993లో శేషన్ హయాంలో ఎన్నికల సంఘం ఫొటో గుర్తింపు కార్డులు ఇవ్వాలని ఆదేశించింది. 2010 సెప్టెంబర్‌లో మహారాష్ట్రలోని తెంభ్లీ గ్రామంలో తొలి ఆధార్ సంఖ్యలు ఇచ్చారు. ఓటరు కార్డు మంచిదే, దొంగ ఓట్లు తగ్గాయి. కానీ కోట్లాది మందికి జీవితంలో మొదటి ఫొటో సెషన్ అంటే క్యూలో నిలబడి, స్టూలు మీద కూర్చుని, ‘తల ఎత్తు, అటు చూడు, అయిపోయింది, లే’ అనిపించుకోవడమే. పాస్‌పోర్టు ఫొటోకైతే నోరు మూసుకుని ఏ భావమూ లేకుండా ఉండాలన్నది నిబంధన. ఇలా అలవాటు చేసి, ఇంకెక్కడో ‘కాస్త నవ్వండి’ అంటే ఆ మనిషి ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడు నవ్వు?

మా నాయనమ్మ ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని నమ్మేది. సర్కారు కెమెరాను మాత్రం తప్పించుకోలేకపోయింది. ఆమె పోయిన మూడో రోజు గోడకు పెట్టడానికి ఫొటో కోసం ఇల్లంతా వెతికితే ఓటరు కార్డు ఒక్కటే దొరికింది. గోరంత ఫొటోను నల్లగొండలో స్టూడియో అతను పెద్దది చేసిచ్చాడు. ముఖమంతా చుక్కలు చుక్కలుగా వచ్చింది. ఆ చుక్కల్లోంచి ఆమె ఇప్పటికీ ఎవరో గద్దించినట్టు బెదురుగా చూస్తుంటుంది. ఊరంతటినీ నవ్వించిన మనిషి ఆమె. పిల్లలకు ఈ మాట చెబితే గోడ వైపు చూసి నమ్మరు.

అందుకే అమ్మ విషయంలో నాకు తొందర పుట్టింది.

నేను ఏడో తరగతిలో ఉండగా అమ్మ పెదవి మీద ఒక తెల్లటి మచ్చ వచ్చింది. తర్వాత కళ్ల చుట్టూ, వేళ్ల మీద. బొల్లి. చర్మానికి రంగునిచ్చే కణాలను ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున దెబ్బతీయడం వల్ల వచ్చే మచ్చలవి. అంటుకునేవి కావు, ప్రాణం తీసేవి కావు. కానీ బొల్లికీ కుష్ఠుకూ తేడా తెలియని ఊళ్లో ఆ మచ్చలు ఎన్ని గుమ్మాలు మూస్తాయో అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది. పేరంటాలకు పిలుపులు తగ్గాయి. అమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. ఫొటోల్లోంచి మాత్రం తప్పుకుంది. ఎవరు కెమెరా తీసినా ‘మీరు దిగుండ్రి, నేను పొయ్యి మీద చూసొస్త’ అనేది. మా ఇంట్లో ఇరవై ఏళ్ల ఆల్బముల్లో పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతూనే ఉంది.

నా పెళ్లి 2016లో జరిగింది. కన్యాదానం దగ్గర తప్పించుకోవడానికి వీల్లేదు కాబట్టి అమ్మ కొన్ని ఫొటోల్లో పడింది. ఆల్బం వచ్చాక అందరం చుట్టూ కూర్చుని చూస్తున్నాం. ఒక పేజీ దగ్గర అమ్మ ఆగి, కళ్లద్దాలు సవరించుకుని, ‘ఈమెవరే? నా లెక్క లేదు’ అంది. స్టూడియోవాళ్లు కంప్యూటర్‌లో మచ్చలన్నీ తీసేసి, ముఖమంతా గోధుమ రంగు పులిమారు. ఫోన్ చేసి అడిగితే, ‘ఎక్స్‌ట్రా చార్జి లేకుండా చేశాం మేడమ్, బాగుంది కదా’ అన్నాడు అవతలి మనిషి సంతోషంగా. అతని మీద కోపం తెచ్చుకోవడం కూడా కష్టం, నిజంగానే ఉపకారం చేశాననుకుంటున్నాడు. అయినా ఆ ఉపకారానికి అర్థం ఒకటే: నీ కూతురి పెళ్లిలో నీ ముఖంతో నువ్వు ఉండకూడదు. అమ్మ ఆ ఆల్బం మళ్లీ తెరవలేదు.

పోయిన చలికాలంలో ఆమెకు అరవై ఒకటి నిండాయి. సికింద్రాబాద్‌లో ఫొటోలు తీసే ఒక అమ్మాయి దగ్గరికి తీసుకెళ్తానంటే వారం రోజులు ఒప్పుకోలేదు. ఎనిమిదో రోజు, ‘ఆమె ఆడపిల్లనేనా?’ అని అడిగింది. నూట ముప్ఫై ఏళ్ల క్రితం అదే ఊళ్లో దీన్‌దయాళ్ ఊహించిన ప్రశ్నే అది.

ఆ అమ్మాయి మమ్మల్ని స్టూలు మీద కాక ఇంట్లోలాగా కుర్చీల్లో కూర్చోబెట్టింది. ‘ఈ ఫొటో దేనికి ఆంటీ?’ అని అడిగింది. అమ్మ తడుముకోకుండా, ‘పోయినంక పెట్టుకోనికి’ అంది. నాకు గొంతు పట్టేసింది. ఆ అమ్మాయి మాత్రం, ‘దానికి చాలా టైముంది గానీ, ఇప్పుడు పెట్టుకోనికి ఒకటి తీద్దాం’ అంది. తర్వాత కంప్యూటర్‌లో ఏ మార్పూ అడగకుండా చేయనని చెప్పింది. అమ్మ పౌడరు డబ్బా తెచ్చుకుంది. నేను వద్దనబోతుంటే ఆ అమ్మాయి నన్నే ఆపి, ‘ఆంటీ ఇష్టం’ అంది. అమ్మ అద్దం ముందు పౌడరు రాసుకుని, కాసేపు చూసుకుని, కొంగుతో సగం తుడిచేసింది.

ఫ్లాష్ వాడలేదు. నేరుగా కొట్టే వెలుగులో మచ్చలు మరీ తెల్లగా మెరిసిపోయి, మిగతా ముఖం నల్లబడిపోతుందట. కిటికీకి పల్చటి తెల్లగుడ్డ కట్టి పక్కనుంచి వెలుగు రానిచ్చింది. అమ్మ చేతులు మాత్రం కొంగు కింద దాక్కున్నాయి. మచ్చలు ఎక్కువ కనిపించేది అక్కడే. ఆ అమ్మాయి కెమెరా ఒళ్లో పెట్టుకుని సంక్రాంతి సకినాల గురించి కదిపింది. తనకు చుట్టడం రాదని, పిండి విరిగిపోతోందని చెప్పింది. ‘నీళ్లెన్ని పోస్తున్నవ్?’ అని మొదలుపెట్టింది అమ్మ. బియ్యం ఎంతసేపు నానాలి, నువ్వులు, వాము ఎంత వేయాలి, గుడ్డ మీద వేళ్లతో పిండిని ఎలా మెలి తిప్పుతూ చుట్టాలి... చెబుతూ చెబుతూ రెండు చేతులూ బయటికి తీసి గాల్లో సకినం చుట్టడం మొదలుపెట్టింది. షట్టర్ చప్పుడు ఎప్పుడు మొదలైందో ఇద్దరం గమనించలేదు.

తీసినవన్నీ పెద్ద తెర మీద చూపించారు. సకినాలు చుడుతున్న ఫొటో చూసి నాకు కళ్లు చెమర్చాయి. నోరు సగం తెరిచి, ఎవరినో మందలిస్తున్నట్టు, వేళ్లు గాల్లో మెలి తిరిగి... అచ్చం మా అమ్మ. ఆమె మాత్రం దాన్ని దాటేసి ఇంకొకటి చూపించింది. కుర్చీలో నిటారుగా కూర్చుని, నవ్వకుండా, సూటిగా చూస్తున్నది. మచ్చలన్నీ ఉన్నాయి. చేతులు ఒళ్లో పైకే ఉన్నాయి.

‘అదే ఎందుకమ్మా? ఇందులో నవ్వుతున్నావు కదా’ అన్నాను.

‘నవ్వే ఫొటోకు దండేస్తే ఏం బాగుంటది? ఇది పెట్టు’ అంది.

ఆమె మాటే నెగ్గింది. రెండోది నా దగ్గర ఉంచుకోవడానికి అనుమతి అడిగి తీసుకున్నాను. నవ్వకపోతే నెమ్మదిగా లేనట్టే అనుకునే మనం ఆ మొదటి ఫొటోను ఒకసారి చూడాలి. ఆ ముఖంలో ఎక్కడా బెదురు లేదు. నవ్వాలా వద్దా అన్నది కూడా ఆమె నిర్ణయమే.

ఈ రోజుల్లో జేబులో కెమెరా లేని మనిషి అరుదు. ఫొటోలు పెరిగాయి గానీ, తీసేముందు అడగడం మాత్రం పెరగలేదు. ఇకమీదట ఎవరైనా మిమ్మల్ని స్టూడియోలో కూర్చోబెట్టి ‘కాస్త నవ్వండి’ అంటే కంగారుపడకండి. ఈ ఫొటో దేనికో అడగండి. తీసినవి చూపించమనండి. వద్దన్నది చెరిపేస్తారా అని అడగండి. భుజాలు వాటంతటవే దిగుతాయి. కెమెరా మీ చేతిలో ఉంటే, ఎదుటివారు అడిగేదాకా ఆగకండి, మీరే చెప్పండి.

అమ్మ ఫొటో ఇప్పుడు మా ఇంట్లో ముందుగదిలో, టీవీ పైన ఉంది. దండ లేదు. నలభై ఏళ్లుగా ప్రతి ఫొటోలోనూ అప్పిచ్చినవాడిలా గుడ్లురిమి చూసే మా నాన్న దాన్ని నెలరోజులు వస్తూ పోతూ చూశాడు. మొన్న ఫోన్ చేసి ఊళ్లో వానల గురించి, మోటారు కాలిపోవడం గురించి చాలాసేపు మాట్లాడాడు. పెట్టేసే ముందు, ఆ సికింద్రాబాద్ అమ్మాయి మగవాళ్ల ఫొటోలు కూడా తీస్తుందా, తీస్తే ఏ రంగు చొక్కా అయితే బాగుంటుంది అని అడిగాడు.